గేలానికీ ఒక కొలత పెట్టండి: మత్స్యశాఖ అధికారులకు బహిరంగ లేఖ

రాష్ట్ర మత్స్యశాఖ కమిషనర్ గారికి, కాకినాడ, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల మత్స్యశాఖ అధికారులకు,

నమస్కారం.

నేను మత్స్యకారుణ్ణి కాను. నాకు పడవ లేదు, వల లేదు. వారమంతా ఉద్యోగం చేసుకుని, ఆదివారం తెల్లవారకముందే రాడ్డూ రీలూ బండికి కట్టుకుని గోదావరి మొగకు, అంటే నది సముద్రంలో కలిసే చోటికి, పోయే సరదా మనిషిని. అంతర్వేది, ఓడలరేవు, ఎస్.యానాం, భైరవపాలెం, ఎక్కడ పోటు బాగుందంటే అక్కడికి పోతాను. ఇరవయ్యేళ్ల కిందట ఈ పిచ్చి ఉన్నవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందిమి. అందరం ఒకరికొకరం తెలుసు. ఇప్పుడు సంక్రాంతి సెలవుల్లో అంతర్వేది పోయి చూడండి. లైటుహౌసు దాటిన దగ్గర్నుంచి మొగ దాకా ఇసుకలో బారుగా రాడ్లే. రాజమండ్రి, భీమవరం, విజయవాడే కాదు, హైదరాబాదు నుంచి కూడా రాత్రికి రాత్రి కార్లేసుకుని వస్తున్నారు. చేప లాగినప్పుడు రాడ్డు వంగి చేతిలో కొట్టుకుంటుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకని వాళ్లు రావడం నాకు సంతోషమే.

మీకు రాస్తున్నది ఒక్క సంగతి కోసం. సరదాకి గేలం వేసే మాకు కూడా చేప కొలతల నియమం పెట్టండి. పెట్టి ఊరుకోకుండా ఆదివారం పూట రేవులోకి వచ్చి మా సంచులు తెరిపించి కొలవండి. చిన్న చేపైతే ప్రాణం ఉండగానే నీళ్లలోకి వదిలించండి. వినని వాళ్లకు జరిమానా వేయండి. ఆ వినని వాళ్లలో నేనున్నా సరే.

ఇది రాయడానికి నాకు అర్హత ఉందో లేదో మీరే చూసుకోండి. పన్నెండేళ్ల కిందట, కార్తీక మాసం. ఓడలరేవు అవతల సరుగుడు తోటల వెనక ఒక చిన్న పాయ ఉండేది. గోదావరి పాయ వైనతేయలో పాటు మొదలైందంటే, అంటే పోటు వెనక్కి తీయడం మొదలైందంటే, నీళ్లు ఆ పాయ నోట్లోంచి గలగలా బయటికి వచ్చేవి, వాటితో పాటు రొయ్య పిల్లలూ కొయ్యింగ పిల్లలూ. వాటి కోసం పండుగప్ప పిల్లలు ఆ నోటి దగ్గర కాపు కాసేవి. ఆ సంగతి కనిపెట్టిన రోజున నాకు పట్టలేనంత ఉత్సాహం. వేసిన ల్యూరు (ఉత్తుత్తి ఎర) వేసినట్టే అందుకుంటున్నాయి. రెండు గంటల్లో 14 పట్టాను. ఒక్కొక్కటి జానన్నర. నైలాన్ తాడుకి మొప్పల్లోంచి గుచ్చి, భుజాన వేసుకుని, ఫొటో తీయించుకుని, వెనక్కి నడిచాను.

దారిలో చెట్టు కింద ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. నేనే ఆగి చూపించాను, మెచ్చుకుంటాడని. ఆయన సూదిబద్ద పక్కన పెట్టి, తాడు మీంచి ఒక చేపను తీసి అరచేతిలో వేసుకున్నాడు. దాని తల ఆయన మణికట్టు దగ్గర ఉంటే తోక వేళ్ల కొస దాటి వేలాడింది. బొటనవేలితో పొట్ట నొక్కి చూశాడు.

"ఇయ్యింకా సంసారం ఎరగని పిల్లలండి బాబు గారూ" అన్నాడు.

నేనేమీ అనలేదు. చేపను మళ్లీ తాడుకి గుచ్చి నా చేతికిస్తూ ఇంకో మాట అన్నాడు. "మా వల కన్ను సన్నంగా ఉందంటే ఆఫీసరు గారొచ్చి వల పట్టుకుపోతారండి. మీ కర్రకి కన్నుండదు కదండి. మిమ్మల్నేం అడుగుతారు?"

కన్నంటే వల రంధ్రం. కోపంగా అన్న మాట కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ 14 చేపల్లో మేం తిన్నవి నాలుగు. ఎనిమిది పక్కిళ్లకు పంచాను. రెండు ఫ్రిజ్‌లో ఉండి ఉండి పాడైతే పారేశాం. పారేసిన ఆ రెండూ ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంటాయి.

తర్వాత పండుగప్ప గురించి చదవడం మొదలుపెట్టాను. మీకు తెలియనిది కాదు గానీ, ఈ లేఖ మా గేలం మిత్రులు కూడా చదువుతారు కాబట్టి చెబుతాను. పులస సంగతి మన దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. సముద్రంలో ఇలసగా తిరిగే చేప వరదనీటికి ఎదురెక్కి గోదారిలో గుడ్లు పెడుతుంది. పండుగప్ప దీనికి తలకిందులు. అది గుడ్లు పెట్టేది మొగ దగ్గర ఉప్పునీళ్లలో. పుట్టిన పిల్లలు పోటుతో పాటు లోపలికి కొట్టుకొచ్చి మడ అడవుల పాయల్లో, పర్రల్లో, కాలవల్లో పెరుగుతాయి. కొన్ని మంచినీళ్ల దాకా వెళ్లిపోతాయి. ఎదిగాక మళ్లీ మొగకు దిగుతాయి.

ఇంకో విచిత్రం ఉంది. పండుగప్ప మొదట ఎదిగేది మగచేపగా. సుమారు మూడు నాలుగేళ్ల వయసుకి, రెండడుగుల దగ్గరకు వచ్చేసరికి మగచేపగా జతకట్టడానికి సిద్ధమవుతుంది. అలా కొన్నాళ్లు గడిచి, మూడడుగుల దగ్గరకు పెరిగేసరికి వాటిలో చాలావరకు ఆడవిగా మారిపోతాయి. మాగ చేపదీ ఇదే దారి. అంటే జానన్నర చేపను పట్టామంటే అది మగచేపగా ఒక్కసారి కూడా జతకట్టలేదు, ఇక ఆడచేప అయ్యేదెప్పుడు? పెద్దాయన బొటనవేలితో పొట్ట నొక్కి చెప్పిన మాట అక్షరాలా నిజం.

చిన్నవాటిని వదిలేసి పెద్దవి పట్టుకుంటే సరిపోతుందని నేనూ కొన్నాళ్లు అనుకున్నాను. అది కూడా తప్పేనని మా అమ్మ చూపించింది. ఒక ఏడాది వానాకాలంలో, అమావాస్య పోటుకి, భైరవపాలెం దగ్గర గౌతమి మొగలో పెద్ద పండుగప్ప పడింది. కాటాలో 11 కిలోలు తూగింది. ఇంటికి తెస్తే వీధంతా చూడటానికి వచ్చారు. అమ్మ పెరట్లో కత్తిపీట వేసుకుని కూర్చుంది. పొలుసు ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత ఉండి, ఎగిరి గోడకు అంటుకుంటున్నాయి. పొట్ట కోసేసరికి లోపల్నుంచి జన (గుడ్ల ముద్ద) రెండు పాయలుగా జారి పళ్లెంలో పడింది. లేత నారింజ రంగు, ఒక్కో పాయ అమ్మ మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంది. మీద పలచని పొర, పొర కింద సన్నటి ఎర్ర నరాలు, ఆ లోపల ఆవగింజ కన్నా చిన్న గుడ్లు, లెక్కలేనన్ని. పెద్ద ఆడ పండుగప్ప కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయని అప్పటికే చదివాను. చదవడం వేరు, పళ్లెంలో చూడటం వేరు.

అమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపి, "నిండు చూలాల్ని పట్టుకొచ్చావేంట్రా" అంది. ఆ రోజు జన వేపుడు ఆవిడ ముట్టుకోలేదు.

అప్పటి నుంచి నాకు రెండు కొలతలు. ఇంతకంటే చిన్నదైతే వదిలేస్తాను, ఇంతకంటే పెద్దదైనా వదిలేస్తాను. మధ్యలో దొరికినవాటిలో ఇంటికి సరిపడా ఒకటో రెండో తెచ్చుకుంటాను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. ఆస్ట్రేలియాలో మన పండుగప్పనే బారముండి అంటారు, అదే జాతి. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 58 సెంటీమీటర్ల లోపుదీ ఉంచుకోకూడదు, 120 దాటిందీ ఉంచుకోకూడదు. 58 అంటే మన లెక్కలో మూరంబావు మీద వేలెడు. గేలం వేసేవాడైనా సరే, తెలియక పట్టానంటే ఊరుకోరు. కొలబద్ద పెట్టెలో పెట్టుకునే బయల్దేరాలి.

ఇంగ్లండులో సముద్రపు చేపకు గేలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు. ఎవరైనా ఒడ్డున నిలబడి వేసుకోవచ్చు. అయినా అక్కడ సీ బాస్ అనే చేపకు 42 సెంటీమీటర్ల కొలత ఉంది. (మన పండుగప్పను కూడా ఇంగ్లీషులో సీ బాస్ అనేస్తుంటారు గానీ రెండూ వేరు వేరు చేపలు.) ముందు 36 ఉండేది, చేప తగ్గిపోతోందని 2015లో 42కి పెంచారు. ఆ కొలత పడవవాడికీ ఒకటే, ఒడ్డున నిలబడ్డ సరదా మనిషికీ ఒకటే. తీరంలో చేపల వేటను చూసే అధికారులు బీచిలో నడుచుకుంటూ వచ్చి బుట్ట తెరవమంటారు. సరదాకి పట్టిన చేపను అమ్మడానికి వీల్లేదు. లైసెన్సు లేకపోతే కొలత ఎలా అమలు చేస్తాం అని మన దగ్గర అడిగేవాళ్లకు ఇదే జవాబు.

అంత దూరం ఎందుకు? కేరళ 2015లో 14 రకాల చేపలకు కనీస కొలత ప్రకటించి, 2017 నాటికి ఆ జాబితాను 58 రకాలకు పెంచింది. నూనె కవళ్లు 10 సెంటీమీటర్లు, కానాగంతలు 14 సెంటీమీటర్లు ఉంటేనే పట్టాలి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఏ చేప ఏ సైజుకి ఈడుకొస్తుందో తేల్చి ఇచ్చిన లెక్కలవి. పశ్చిమ బెంగాల్ 2013లో 23 సెంటీమీటర్ల లోపు ఇలిష్ చేపను పట్టడం, అమ్మడం నిషేధించింది. ఇలిష్ అంటే మన పులసే. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత పెట్టుకున్న మనకు కూడా ఆ జాగ్రత్త ఉండాలి. అయితే పులస గేలానికి పడే చేప కాదు, దాని బాధ్యత వలదీ, 1852 నుంచి అడ్డంగా నిలబడ్డ ధవళేశ్వరం ఆనకట్టదీ. గేలం వేసే మా పాలిటికి వచ్చేది పండుగప్ప, మాగ, గొరక, పార.

ఇక మన చట్టం సంగతి. 1994 నాటి మన సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం పడవల కోసం పుట్టింది. దాని చూపంతా ఏ పడవ ఎక్కడ వేటాడాలి, ఏ వల వాడాలి అన్న దాని మీదే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, ఇంజను పడవలు వేట ఆపేస్తాయి. ఆ రెండు నెలలూ మత్స్యకారుల ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుందో, ప్రభుత్వం ఇచ్చే భృతి ఎన్నాళ్లకు సరిపోతుందో రేవుల్లో తిరిగే మీకు తెలుసు. సరిగ్గా ఆ రెండు నెలలే పిల్లలకు వేసవి సెలవులు. మా రాడ్లన్నీ అప్పుడే బయటికొస్తాయి. ఒడ్డుకు లాగిపెట్టిన ఫైబరు బోటు నీడలో గొడుగు వేసుకుని కూర్చుని, బోటు అంచుకే రాడ్డు ఆనించి, చేప పడితే ఈలలు వేస్తాం. బోటు తాలూకు మనిషి ఆ పక్కనే ఇసుకలో కూర్చుని మమ్మల్ని చూస్తుంటాడు. ఎన్నిసార్లు చూశానో ఆ దృశ్యం. చేపలు పెరగాలని తన కూడు మానుకున్నవాడి ముందు కూర్చుని, సరదా కోసం వచ్చినవాళ్లం జానెడు చేపను సంచిలో వేసుకోవడం ఏ లెక్కన చూసినా అన్యాయం.

"ట్రాలర్లు టన్నుల కొద్దీ పిల్లచేపను ఊడ్చేస్తుంటే, నా ఒక్క గేలంతో ఏమవుతుంది?" ఈ మాట నాకు వారానికోసారైనా వినిపిస్తుంది. ట్రాలర్లు మాకంటే ఎన్నో రెట్లు ఎక్కువ పడతాయి, అందులో వాదన లేదు. సన్నకన్ను వలల మీద మీరు గట్టిగా ఉండాలని నేనూ కోరుకుంటాను. కానీ ట్రాలరు మడ అడవి పాయలోకి రాలేదు. మొల లోతు నీళ్లలో, మడ చెట్ల వేళ్ల మధ్య పండుగప్ప పిల్ల దాక్కునే చోటికి రాగలిగింది మా ల్యూరొక్కటే. ఆ పిల్లలు పెరిగే చోటును వెతుక్కుని, వెతికి పట్టుకున్నాక ఆ లొకేషన్ ఫోన్‌లో పదిమందికి పంపుకునేది మేమే. నేను పన్నెండేళ్ల కిందట కనిపెట్టానని చెప్పిన ఆ పాయ దగ్గర నిరుడు ఒక ఆదివారం 23 మంది ఉన్నారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వేస్తే అందరికీ కలిపి మూడు చేపలు పడ్డాయి. మూడూ జానకు మించినవి కావు. మూడూ సంచిలోకే వెళ్లాయి.

చీరమీను సంగతేమిటని కూడా అడుగుతారు. దీపావళి ముందువెనకల యానాం రేవులో గ్లాసుల లెక్కన అమ్ముడయ్యే ఆ చిట్టి చేపలను పట్టడం ఏనాటి నుంచో ఉన్న అలవాటు, ఎన్నో ఇళ్లకు ఏడాదిలో నాలుగు రోజుల ఆదాయం. దాని మీద చర్చ జరగాల్సిందే, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని మేం తప్పించుకోకూడదు. మాకు అది ఆదాయమూ కాదు, ఆచారమూ కాదు.

పళ్లెంలో పట్టే చిన్న పండుగప్పే కావాలనుకునేవాళ్లకు చెరువులున్నాయి. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపకం సంస్థ 1997లోనే పండుగప్పను హేచరీలో పిల్లలు పెట్టించింది. ఇప్పుడు మన చెరువుల్లోనూ పెంచుతున్నారు. మొగలో ఈదేదాన్ని పెరగనిద్దాం.

రెండేళ్ల కిందట జరిగిన ఒక సంగతి చెప్పాలి. గేలం పోటీ ఒకటి పెట్టారు. ఎవరు పెట్టారో, ఎక్కడో రాయను, ఒక్కచోట మాత్రమే జరిగే పని కాదు కాబట్టి. మొత్తం బరువు ఎవరిది ఎక్కువైతే వాళ్లకు బహుమతి అన్నారు. నేనూ వెళ్లాను. సాయంత్రం నాలుగింటికి టార్పాలిన్ పరిచి ఒక్కొక్కరి సంచీ కుమ్మరించి కాటా వేశారు. బరువు కోసం అరచేతంత చేపల్ని కూడా వదల్లేదు. బహుమతులు ఇచ్చి, ఫొటోలు తీసుకుని, పెద్దవి ఏరుకుని వెళ్లిపోయారు. చిన్నవన్నీ టార్పాలిన్ మీదే ఉండిపోయాయి. ఎండకు కళ్లు తెల్లబడి, తోకలు వంకర్లు తిరిగి ఉన్నాయి. కుక్కలు వచ్చాయి, గద్దలు దిగాయి. నేను అక్కడి నుంచే ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతలాయన మర్యాదగానే మాట్లాడారు. "పడవ ఉందాండీ? లేదు కదా. ఒడ్డునుంచి గేలం వేస్తే మేమేం చేస్తామండీ" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. చేతిలో నియమం లేనప్పుడు ఆయనైనా ఏం చేస్తారు?

ఆ నియమం మీరు ఇవ్వాలి. పడవ మాట లేకుండా, చేప ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు వర్తించేలా ఉండాలి. కొలతలు శాస్త్రవేత్తలు తేల్చాలి. విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రం ఉంది, మన మొగల్లో చేప ఏ సైజుకి ఈడుకొస్తుందో వాళ్లు చూసి చెప్పాలి. వాళ్లు చెప్పేదాకా పండుగప్పకు కింది హద్దు 60 సెంటీమీటర్లు, పై హద్దు మీటరు పెట్టుకుంటే పోయేదేమీ లేదని నా ఉద్దేశం. మనిషికి రోజుకి రెండు చేపలు చాలు. సరదాకి పట్టిన చేపను హోటలుకు గానీ బజారులో గానీ అమ్మకూడదని కూడా రాయండి. అమ్ముకునే దారి ఉన్నంతకాలం సంచీ నిండేదాకా రాడ్డు కింద పెట్టరు. పైగా అది తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగే ఆడవాళ్ల బేరం మీద దెబ్బ.

అమలుకు మనుషులు లేరంటారేమో. 2019 నుంచి తీరగ్రామాల సచివాలయాల్లో మత్స్య సహాయకులు ఉన్నారు. ఆ ఊరివాళ్లకు వాళ్లు తెలుసు, వాళ్లకు ఆ ఊరి రేవు తెలుసు. ఒక కొలపలక, ఒక రసీదు పుస్తకం, నెలకు రెండు ఆదివారాలు. అమావాస్యకూ పౌర్ణమికీ దగ్గరలో వచ్చే ఆదివారాలైతే మరీ మంచిది, రాడ్లన్నీ అప్పుడే వస్తాయి. మొదటిసారి దొరికితే చేపను వదిలించి చెప్పి పంపండి. రెండోసారి జరిమానా వేయండి. మూడోసారి రాడ్డూ రీలూ పట్టుకుపోండి. ఇందులో మా గుట్టు ఒకటి చెబుతాను. ఐదొందల జరిమానాకి మావాళ్లు భయపడరు. నలభై వేలు పెట్టి కొన్న రీలు పోతుందంటే మాత్రం కొలబద్ద లేకుండా ఇల్లు కదలరు.

గంటల లెక్కన పడవ అద్దెకిచ్చి మమ్మల్ని మొగలో తిప్పేవాళ్లను కూడా కలుపుకోండి. పడవ బల్ల మీద 60 దగ్గర ఒక ఎర్ర గీత, మీటరు దగ్గర ఒక గీత రంగుతో వేయిస్తే ఇక వాదన ఉండదు. పడవవాడు చెబితే మావాళ్లు వింటారు, ఎందుకంటే ఆయన ఇంజను ఆపేస్తే మా వేట ఆగిపోతుంది. పోటీలు పెట్టేవాళ్లు మీ అనుమతి తీసుకోవాలి. బరువుకు బహుమతి అన్న మాట అసలుండకూడదు. పలక మీద పడుకోబెట్టి ఫొటో తీసి వదిలేసిన చేపకే పొడవును బట్టి మార్కులు వేయాలి.

కోరింగ అభయారణ్యంలోని పాయలు అటవీశాఖ చేతిలో ఉన్నాయి, వాళ్లతో మాట్లాడండి. అలాగే యానాం ఎవరి చేతిలో ఉందో ఆ పుదుచ్చేరి ప్రభుత్వంతోనూ. ఎదుర్లంక ఒడ్డున అడిగితే పడవ తిప్పుకుని యానాం వైపు పోతారు, గౌతమి మీద రెండు ప్రభుత్వాలదీ ఒకే కొలత కాకపోతే మీ రసీదు పుస్తకం ఎందుకూ పనికిరాదు.

మా మిత్రులకు కూడా ఇక్కడే రెండు మాటలు. తమ్ముళ్లూ, వదిలినా చేప బతకదు అని మీలో చాలామంది నమ్మకంగా అంటారు. బతకకుండా చేసేది మనం. ఎండకు కాలిన ఇసుకలో పడేసి, పొడిబట్టతో పట్టుకుని, మొప్పల్లో వేళ్లు పెట్టి ఎత్తి, ఐదు నిమిషాలు ఫొటోలు దిగి, ఆ తర్వాత నీళ్లలోకి విసిరేస్తే ఏ చేపైనా చస్తుంది. దాని ఒంటి మీద జిగురే దానికి చర్మం కింద లెక్క, పొడిచేత్తో తుడిచేస్తే పుండు పడుతుంది. చెయ్యి తడుపుకోండి. మూడు కొక్కేల గుత్తి తీసేసి ఒక్క కొక్కెం పెట్టండి, దాని ముల్లును ప్లయరుతో నొక్కేయండి. నొక్కేస్తే చేప తప్పించుకుపోతుందని భయపడకండి, దారం బిగువుగా ఉంచితే పోదు. కొక్కెం తీసేటప్పుడు చేపను నీళ్లలోనే ఉంచండి. మొప్ప మూత అంచు జాగ్రత్త, బ్లేడులా కోస్తుంది, నా బొటనవేలి మీద ఇప్పటికీ గాటుంది. కొలవాలంటే తడిపిన పలక మీద మూతి ఆనించి తోక చివరి దాకా చూడండి, పది సెకన్ల పని. వదిలేటప్పుడు ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి తోక దగ్గర పెట్టి, ప్రవాహానికి ఎదురుగా పట్టుకోండి. ముందు అది కదలదు. మొప్పలు మెల్లగా తెరుచుకుని మూసుకుంటాయి. తర్వాత తోక బిగుస్తుంది, అది అరచేతికి తెలుస్తుంది. ఒక్క విదిలింపు విదిలించి, నీళ్లు మన ముఖాన కొట్టి పోతుంది. చేప పడ్డప్పటి ఆనందం కంటే ఇది తక్కువదేమీ కాదు, ఒక్కసారి చేసి చూడండి.

అధికారులకు మళ్లీ. మేం కొంతమందిమి ఏడాదిగా ఇది సొంతంగా పాటిస్తున్నాం. ఒకరి బండి వెనక సీటుకి కొలపలక కట్టి ఉంటుంది. పక్కవాళ్లను కూడా కొలవమని అడుగుతాం. కొందరు నవ్వి కొలుస్తారు, కొందరు "నువ్వెవడివి అడగడానికి?" అంటారు. నిజమే, మాకు అడిగే హక్కు లేదు. ఒకసారి మాటా మాటా పెరిగి మా కుర్రాడి చొక్కా పట్టుకున్నారు. మాలో మేమే కాపలా కాసుకుంటే కొట్లాటలవుతాయి. మీ గుర్తింపు కార్డు మెడలో ఉన్న ఒక్క మనిషి పక్కన నిలబడితే చాలు, మిగతా పని మేం చేస్తాం. కొలపలకలు మేం చేయించి ఇస్తాం. అంతర్వేదిలో, ఓడలరేవులో, ఎస్.యానాంలో, భైరవపాలెంలో, ఉప్పాడలో బోర్డులు రాయించడానికి అయ్యే ఖర్చు చందాలు వేసుకుని భరిస్తాం. బోర్డు మీద ఏం రాయాలో, ఎంత కొలత రాయాలో మీరు చెప్పాలి.

వచ్చే అమావాస్య దాటిన ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర నుంచి అంతర్వేదిలో, సముద్రంలో వశిష్ఠ కలిసే చోట ఉంటాం. పసుపు రంగు పలక, దాని మీద 60 దగ్గర ఒకటి, 100 దగ్గర ఒకటి ఎర్ర గీతలు. మీలో ఎవరైనా ఒక్కరు వచ్చి ఆ పలక పక్కన రెండు గంటలు కూర్చోండి. టీ మేం పెడతాం.

ఇట్లు
గోదావరి మొగల్లో గేలం వేసే ఒక సరదా వేటగాడు